తెలియదన్న కోడ్

మంగళవారం వస్తే ఒస్మో కెట్టునెన్ గడ్డం గీసుకుంటాడు. మిగతా ఆరు రోజులూ ఆ గడ్డాన్ని చూసేవాళ్లు లేరు. ఆ మాటకొస్తే మంగళవారమూ లేరు. కాకపోతే ఆ రోజు అతనికి ఉత్తరం వస్తుంది. ఉత్తరానికి గడ్డం కనిపించదని యాభై ఆరేళ్లవాడికి తెలియక కాదు. తెలిసే గీసుకుంటాడు, శుభ్రమైన చొక్కా వేసుకుంటాడు, కాఫీ కలుపుకుని తొమ్మిదింటికల్లా కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. కిటికీ బయట, ఊరి మధ్యగా పారే ఔలు నది మీద మంచు ఇంకా గట్టిగానే ఉంది. మార్చి నెల ఎండ దాని మీద పడి కళ్లలోకి కొడుతుంది. అతను తెర దించుకుంటాడు.

ఉత్తరం రాసేది బ్లాంకా. ఉండేది చెక్ దేశంలో, బ్ర్నోలో. ఒస్మో ఆమెను చూడలేదు, గొంతు వినలేదు. లోకంలో సగం యంత్రాల కడుపులో నడిచే లినక్స్ కెర్నెల్ అనే మూల ప్రోగ్రాంలో, ప్రాసెసర్ వేగాన్ని అదుపు చేసే భాగానికి ఆవిడే పెద్దదిక్కు. ఆ భాగంలో చిన్న మార్పు చెయ్యాలన్నా దాన్ని ప్యాచ్‌గా రాసి, ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ చేరే మెయిల్ లిస్టుకు పంపాలి. ఆవిడ చదవాలి, తప్పులు పట్టాలి, మనం దిద్ది ఇంకో విడతగా మళ్లీ పంపాలి. ఆవిడ సరే అన్నాకే అది లోపలికి వెళుతుంది. ఇదంతా బహిరంగం. ఎవరికి ఎవరు ఏం రాసినా ఎవరైనా చదువుకోవచ్చు. మంగళవారాలు ఆవిడ ఇతరుల ప్యాచ్‌లు చదవడానికి కేటాయించుకుంది.

బ్లాంకా ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. "రెండో ప్యాచ్, నలభయ్యో వరస. ఇక్కడ ఇంకో కోడ్ చొరబడకుండా తాళం ఎందుకు వేశారు? వేస్తే పదకొండు వరసల తర్వాత ఎందుకు తీయలేదు?" అని అడుగుతుంది. మంచీ చెడూ కబుర్లు ఉండవు. ఒకే ఒక్కసారి, నాలుగో విడత ఉత్తరం చివర, "ఇక్కడ నాలుగు రోజులుగా వాన" అని రాసింది. ఆ వాక్యాన్ని ఒస్మో ఎన్నిసార్లు చదివాడో చెబితే నవ్వుతారు. జవాబుగా నది గడ్డకట్టిందని మూడు వాక్యాలు రాసి, రెండు కొట్టేసి, మిగిలిన ఒక్కటి పంపించాడు. దానికి ఆవిడ ఏమీ అనలేదు.

ఇంతకీ అతను చేస్తున్న పనేమిటంటే చెప్పడం కష్టమేమీ కాదు. ప్రాసెసర్ వేగం మీద కెర్నెల్‌లోని వేర్వేరు భాగాలకు, నలుగురు మనుషులకున్నట్టు, నాలుగు రకాల కోరికలుంటాయి. వేడిని కాపలా కాసేవాడు ఇంతకంటే వేగం వద్దంటాడు. బ్యాటరీ సంగతి చూసేవాడు ఇంకా తగ్గించమంటాడు. పాత పద్ధతిలో కెర్నెల్ ఒకే చీటీ పట్టుకుని ఇంటింటికీ తిరుగుతుంది. ప్రతివాడూ ముందువాడి అంకె కొట్టేసి తన అంకె వేస్తాడు. ఏ అంకె ఎవరిదో ఎక్కడా ఉండదు. వేడి తగ్గి, కాపలావాడు తన అభ్యంతరం తీసేసుకున్నా మిగిలినవాళ్లు ఏమన్నారో ఎవరికీ గుర్తుండదు. మళ్లీ మొదటి ఇంటి నుంచి తిరగాలి. అడవిలో చెట్లు నరికే యంత్రాలకు కంట్రోల్ డబ్బాలు చేసే ఓ చిన్న కంపెనీ ఉంది. వాళ్ల డబ్బాలు ఈ తిరుగుడు వల్లే ఉన్నట్టుండి నీరసపడిపోతున్నాయి. దీన్ని బాగు చెయ్యమని ఒస్మోకు వారానికి రెండు రోజుల పని ఇచ్చారు.

అతను బాగు చేశాడు. ఎవరి చీటీ వాళ్లకే ఉండేట్టు, అన్నిట్లోకీ చిన్న అంకె నెగ్గేట్టు, ఎవరి చీటీ వాళ్లు వెనక్కి తీసుకోగలిగేట్టు కొత్తగా పదమూడు వందల వరసలు రాశాడు. ఏడు విడతలు పంపాడు. ఏడు మంగళవారాలు ఉత్తరాలు వచ్చాయి.

ఏడో ఉత్తరంలో బ్లాంకా తాళాల సంగతి ఎత్తలేదు. నాలుగే నాలుగు వాక్యాలు రాసింది. "ఒస్మో, ముందే అడగాల్సింది, నా పొరపాటు. చీటీలు దాచుకుని చిన్న అంకెను తేల్చే కోడ్ కెర్నెల్‌లో ఇప్పటికే ఉంది కదా, నిద్రలో ఉన్న ప్రాసెసర్ ఎంత ఆలస్యంగా లేవచ్చో తేల్చడానికి వాడుతున్నాం. మీరు కొత్తగా రాసింది దాదాపు అదే. ఉన్నదాన్నే ఎందుకు వాడుకోకూడదు?"

ఒస్మో ఆ చివరి వాక్యం మళ్లీ చదివాడు. ఈ ప్రశ్న వస్తుందని అతనికి మొదటి రోజు నుంచీ తెలుసు. జవాబూ తెలుసు. ఉన్నదాన్ని వాడుకుంటే పదమూడు వందల వరసలు తొంభై అవుతాయి. తొంభై వరసలైతే ఒక్క విడతలో పని ముగుస్తుంది. పని ముగిస్తే బ్లాంకా రాయదు, రాయాల్సిన అవసరమూ ఉండదు.

కాఫీ చల్లారేదాకా కూర్చుని ఇలా రాశాడు: "ఆ కోడ్‌తో నాకు పరిచయం లేదు. వివరంగా చదివి తేడాలు తెలియజేస్తాను. కొంత సమయం పట్టవచ్చు." పంపేశాడు. కొంత సమయం అంటే అతని లెక్కలో నాలుగైదు మంగళవారాలు.

*

గురువారం మధ్యాహ్నం తలుపు గంట మోగింది. ఔలు ఊళ్లో ముందుగా ఫోన్ చెయ్యకుండా ఎవరూ ఎవరింటికీ రారు. మీటరు చూసేవాడై ఉంటాడనుకుని ఒస్మో తలుపు తీశాడు. సిటీ బస్సు డ్రైవర్ యూనిఫాం మీద ముదురు నీలం కోటు వేసుకుని రైయా నిలబడి ఉంది.

రైయా, ఒస్మో ఒకప్పుడు ఒకే గదిలో పనిచేశారు. ఫోన్లు తయారు చేసే ఆ పెద్ద కంపెనీ ఊరంతటికీ అన్నం పెట్టిన రోజులవి. కంపెనీ మూతపడ్డాక ఒకడు బేకరీ పెట్టాడు, ఒకావిడ నర్సు చదువు చదివింది, రైయా బస్సు నడపడం నేర్చుకుంది. ఒస్మో భార్య ఐలా అదే ఏడాది కాఫీ మెషీను తీసుకుని తుర్కు అనే ఊరికి వెళ్లిపోయింది. ఇద్దరి మధ్య తగువేమీ లేదు, మాటలు అయిపోయాయంతే. అప్పటి నుంచి అతను కాఫీ గిన్నెలోనే కాచుకుంటున్నాడు.

రైయా బూట్లు విప్పింది గాని కోటు విప్పలేదు. వచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చుంది.

"కాఫీ ఉందా? లేక అది కూడా నీకు పరిచయం లేదా?"

ఒస్మో సింకు వైపు తిరిగాడు. కప్పు తీసి కడిగాడు. అది కడిగిందే.

"ఏమయ్యా, మతిమరుపు గాని వచ్చిందా నీకు? వస్తే మొహమాటపడకుండా చెప్పు. మా బస్సులో పెద్దవాళ్లకి ముందు సీట్లున్నాయి."

"నువ్వు లిస్టు ఇంకా చదువుతున్నావా?"

"ఎందుకు చదవను? చివరి స్టాపులో ఏడు నిమిషాలు ఆగాలి. ఇంకో డ్రైవర్ అయితే సిగరెట్ తాగుతాడు. నేను మీరందరూ కొట్టుకోవడం చదువుతా. నిన్న నీ ఉత్తరం చదివా. 'ఆ కోడ్‌తో నాకు పరిచయం లేదు'ట. చదివి బస్సు రెండు నిమిషాలు లేటు చేశా. తొమ్మిదేళ్లుగా బండి నడుపుతున్నా, ఇదే మొదటిసారి."

"తెలియక కాదు రైయా..."

"తెలియకపోవడానికి ఎలా కుదురుతుందీ? రాసింది నేను! నీ పక్క బల్ల దగ్గర కూర్చుని రాశా! ఆ రోజు వెనక నిలబడి చదివి ఏమన్నావ్? 'రైయా, ఇది నిద్ర లేపడానికి మాత్రమే కాదు, నలుగురు అడిగేచోట ఒక్కటే ఇవ్వాల్సిన దేనికైనా పనికొస్తుంది' అన్నావ్. అనడమే కాదు, లిస్టుకి రాశావ్. పరిశీలించినవారు ఒస్మో కెట్టునెన్ అని కింద పేరు పెట్టావ్. నా మార్పు లోపలికి వెళ్లినప్పుడు నీ పేరు కూడా దాంతోపాటే వెళ్లింది. మర్చిపోయావా?"

ఒస్మో కాఫీ పోసిన కప్పు ఆమె ముందు పెట్టాడు. నిజంగానే మర్చిపోయాడు. కోడ్ గుర్తుంది, ఆ గది గుర్తుంది, ఆ రోజు రైయా తెచ్చిన యాలకుల బన్ను కూడా గుర్తుంది. కింద తను పెట్టిన పేరు గుర్తులేదు. ఈ పనిలో ఉన్నవాడెవడూ మర్చిపోకూడని సంగతి అది. కెర్నెల్‌లో ఏ వరస ఎవరు రాశారో, ఎవరు చదివి బాగుందన్నారో మొత్తం చరిత్ర ఉంటుంది. ఒక్క కమాండ్ కొడితే బయటపడుతుంది.

"ఎందుకన్నావ్ ఆ మాట?" రైయా ఈసారి వెక్కిరించకుండా అడిగింది.

"నీ కోడ్ వాడుకుంటే తొంభై వరసల్లో అయిపోతుంది."

"అయిపోతే మంచిదేగా? ఆ చెట్లు నరికేవాళ్లు సంతోషిస్తారు."

"అయిపోతే ఇంక రాయదు."

"ఎవరు రాయరు?"

"బ్లాంకా."

రైయా పకపకా నవ్వింది. "ఓరి నాయనోయ్! ఈ వయసులోనా? ఫోటో అయినా చూశావా?"

"అది కాదు." ఒస్మో గిన్నెలోని కాఫీ వైపు చూస్తూ మాట్లాడాడు. అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడి అతనికి అలవాటు తప్పింది. "వారానికి ఒకసారి ఒక మనిషి కూర్చుని నేను చేసిన పని పొల్లు పోకుండా చదువుతుంది. చదివి, ఇది ఇలా ఎందుకు చేశావని అడుగుతుంది. తిట్టినా సరే. ఇంకెవరూ నన్ను ఏమీ అడగరు రైయా. కంపెనీవాళ్లు కూడా అయిందా అనే అడుగుతారు. రోజుల తరబడి నేను నోరు విప్పను. మొన్న కొట్లో రొట్టె కొంటుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది."

రైయా నవ్వు ఆపేసింది. కప్పు చేత్తో పట్టుకుంది గాని తాగలేదు.

"మా ఇల్లు ఇక్కడికి ఎన్ని స్టాపులు?"

"నాలుగు."

"పర్లేదే, లెక్క బాగానే గుర్తుంది."

"నువ్వు షిఫ్టుల్లో ఉంటావు. అలసిపోయి వస్తావు. ఎందుకు ఇబ్బంది పెట్టడమని..."

"తొమ్మిదేళ్లు ఇబ్బంది పెట్టకుండా ఉన్నావు. గొప్ప మర్యాదస్తుడివయ్యా." రైయా లేచింది. "ఒక మాట చెబుతా విను. ఆ కంపెనీ పోయింది. మనం చేసిన ఫోన్లన్నీ చెత్తలో కలిశాయి. నేను చేసింది అంటూ మిగిలింది ఆ ఒక్క ఫైలు. రోజూ నా వెనక ముప్ఫైమంది కూర్చుంటారు. వాళ్ల జేబుల్లో ఫోన్లుంటాయి, ఆ ఫోన్లలో నా కోడ్ నడుస్తూ ఉంటుంది. అది నాదని వాళ్లలో ఒక్కడికీ తెలియదు, తెలియకపోయినా ఫరవాలేదు. ఎందుకంటే తెలిసినవాడు ఒకడున్నాడు కదా అనుకునేదాన్ని. ఆ ఒక్కడివీ నువ్వు. అలాంటిది నువ్వే తెలియదన్నావు. లోకం అంతా చదివేచోట అన్నావు."

బూట్లు తొడుక్కుని వెళ్లిపోయింది. తలుపు గట్టిగా వెయ్యలేదు. గట్టిగా వేసినా బాగుండేదనిపించింది ఒస్మోకు.

ఆ అపార్ట్‌మెంటులో కింద అందరికీ కలిపి ఒక సౌనా, అంటే ఆవిరి స్నానాల గది, ఉంది. గురువారం సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా ఒస్మో వంతు. ఎనిమిదిమంది కూర్చునే మూడు మెట్ల బల్లలున్న గదిలో, తలుపు మీద తన ఒక్కడి పేరే ఉన్న ఆ గంటలో, అతను పైమెట్టు మీద కూర్చుని రాళ్ల మీద నీళ్లు పోశాడు. ఆవిరి బుస్సున లేచింది. రైయా అన్న మాటలు ఒక్కొక్కటే మళ్లీ చెవిలో పడ్డాయి. అందులో ఒక్కటైనా అబద్ధమేమోనని వెతికాడు. దొరకలేదు. గంట పూర్తి కాకుండానే పైకి వచ్చేశాడు.

శుక్రవారం ఉదయమే లిస్టుకు నిజం రాసేస్తే సరిపోయేది. అతను రాయలేదు. రాద్దామని కూర్చుని, బ్లాంకా ఆ చరిత్ర తియ్యకపోవచ్చులే అనుకున్నాడు. ఒంటరిగా బతికేవాడికి తనతో తనే వాదించి తనే నెగ్గడం బాగా అలవాటవుతుంది. శనివారమూ నెగ్గాడు. ఆదివారమూ నెగ్గాడు.

*

మంగళవారం తొమ్మిదీ పదికి ఉత్తరం వచ్చింది.

"ఒస్మో, మీకు పని తేలిక చేద్దామని ఆ ఫైలు చరిత్ర నేనే తీశాను, రాసినవారిని అడుగుదామని. రాసింది రైయా హెయిక్కా. ఆవిడ చిరునామా ఇప్పుడు పనిచేయడం లేదు. పరిశీలించినవారి పేరు ఒస్మో కెట్టునెన్ అని ఉంది. అది మీరేనా? మీరే అయితే గత వారం మీరు రాసిన జవాబు నాకు అర్థం కాలేదు. ఈ ఏడు విడతలు చదవడానికి నాకు ఏడు రోజులు పట్టింది."

అరవడం లేదు, తిట్టడం లేదు. ఏడు విడతలు, ఏడు రోజులు. అందులోనే అంతా ఉంది. ఒస్మో మొహం కాలిపోయింది. గదిలో ఎవరూ లేకపోయినా లేచి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. బ్లాంకాకు కూడా ఆ మంగళవారాలు జీవితంలోంచే వచ్చాయన్న సంగతి అతనికి అప్పటిదాకా తట్టనే లేదు. ఆవిడ ఉత్తరం తన కోసం వస్తుందనుకున్నాడు గాని, ఆవిడకు అది వేరే ఏ పనో మానుకుని చేసిన పని అనుకోలేదు.

ఆ రోజు రైయా ఫైలు తెరిచాడు.

పదమూడేళ్ల తర్వాత చదువుతున్నా ఒక్క వరస దగ్గర కూడా అతను ఆగి తల గోక్కోలేదు. రైయా మాట్లాడినట్టే ఉంది ఆ కోడ్, ముక్కుసూటిగా, అనవసరపు మాట లేకుండా. అడిగినవాళ్లందరి చీటీలూ ఒక వరసలో ఉంటాయి. ఎవరి చీటీ వాళ్లే తీసుకోవాలి, ఇంకొకరిది ముట్టుకోవడానికి లేదు. ఒకచోట చిన్న వ్యాఖ్య రాసి ఉంది: "అడిగినవాడు చెప్పకుండా పోతే ఈ వరస ఎప్పటికీ అలాగే ఉంటుంది. దయచేసి వెళ్లేముందు చెప్పి వెళ్లండి." ఒస్మో నవ్వాడు. ఆ వ్యాఖ్య తీసెయ్యాలని అప్పట్లో ఎవరో అంటే, ఉంచాల్సిందేనని వాదించింది తనే. ఆ వాదన గుర్తొచ్చాక నవ్వు నిలవలేదు. ఇంత మంచి పనిని తెలియదన్నాడు. తన పదమూడు వందల వరసలు దీని పక్కన పెడితే గోడ మీద గోడ కట్టినట్టుంది.

వేగానికి పైహద్దు ఒకటి, కిందిహద్దు ఒకటి. రెండింటికీ రైయా చీటీల వరసే చాలు. ప్రాసెసర్ల గుంపుకో వరస విడిగా పెట్టాలి, అంకె మారినప్పుడు వేగం చూసేవాడికి కబురు వెళ్లాలి. అంతే. తన కోడ్ అంతా కొట్టేశాడు. నాలుగు రోజులు పని చేశాడు. అసలు ఒక్క రోజు పని, కాని ఎక్కడా తప్పు ఉండకూడదని మూడు రకాల సర్క్యూట్ బోర్డులను వేడి చేసి, చల్లార్చి చూశాడు. కాపలావాడు చీటీ తీసేసుకున్న మరుక్షణం వేగం తిరిగి లేచింది. మొత్తం తొంభై నాలుగు వరసలు వచ్చాయి.

ఎనిమిదో విడతకు ముందుమాట రాశాడు. ఏం మార్చాడో నాలుగు పేరాలు, ఎవరి కోడ్ మీద నిలబడిందో ఒక పేరా. ఆ తర్వాత ఇలా రాశాడు: "గత వారం ఆ కోడ్ తెలియదన్నాను. అది అబద్ధం. రైయా రాస్తున్నప్పుడే చదివాను, అంతకంటే మంచి కోడ్ నేను చూడలేదు. ఈ ఉత్తరాలు ఆగిపోకూడదని అలా అన్నాను. మీ ఏడు రోజులు వృథా చేశాను, క్షమించండి."

ఆ అయిదు వాక్యాలూ ఉంచాలా కొట్టెయ్యాలా అని చాలాసేపు కొట్టుమిట్టాడాడు. నది సంగతి రాసినప్పుడు రెండు వాక్యాలు కొట్టేసిన మనిషి, ఈసారి ఒక్కటీ కొట్టెయ్యలేదు. ఎవరెవరికి పంపాలో వెతికిపెట్టే సాధనం ఒకటి ఉంటుంది. అది ఫైలు చరిత్ర చూసి రైయా పాత కంపెనీ చిరునామా కూడా చేర్చింది. పంపిన మూడో సెకనుకే ఆ ఒక్కటీ వెనక్కి వచ్చింది. ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరని రాసి ఉంది. వేరే చిరునామాకు పంపుదామంటే అతని దగ్గర లేదు. ఎప్పుడూ అడగలేదు.

*

ఆపై మంగళవారం బ్లాంకా జవాబిచ్చింది.

ఆ లిస్టులో జవాబు రాసే పద్ధతి ఒకటుంది. ఎదుటివారి ఉత్తరం మొత్తం పెట్టరు. తాము ఏదైనా చెప్పదలచుకున్న వరసలే ఉంచి, మిగతావి తీసేసి, ఉంచిన వరసల కింద జవాబు రాస్తారు. చదివేవారి కాలం వృథా కాకూడదని పెట్టుకున్న మర్యాద అది. బ్లాంకా ఆ మర్యాద ఏనాడూ తప్పలేదు. ఒస్మో రాసిన ముందుమాటలోంచి ఒక్క వరస ఉంచింది, పైహద్దు, కిందిహద్దు రెండూ రైయా కోడ్ మీదే నిలబడ్డాయన్న వరస. దాని కింద రెండు ముక్కలు రాసింది.

"తీసుకున్నాను. థాంక్స్."

ఒస్మో ఉత్తరం పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికాడు. క్షమించమన్న అయిదు వాక్యాలూ అందులో లేవు. కూరలో కరివేపాకు తీసినట్టు తీసేసింది. ఆవిడకు కోపమో, జాలో, నలుగురిలో అతని పరువు కాపాడదామన్న మంచితనమో తెలుసుకునే దారి లేదు. చెప్పడానికి ఏమీ లేదనుకుని ఉంటుంది, అంతే కావచ్చు. తప్పు పట్టడానికీ లేదు. అతను మధ్యాహ్నం దాకా ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. ఇంత చిన్న ఉత్తరం అతనికి ఎన్నడూ రాలేదు. దీని తర్వాత ఇంకొకటి రాదని మాత్రం ఖాయంగా తెలుసు. ఏడుపు రాలేదు గాని, వస్తే బాగుండుననుకున్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు కోటు వేసుకుని బయటికి వచ్చాడు. వీధి చివర స్టాపులో నిలబడి రెండు బస్సులు వదిలేశాడు. మూడోది రైయాది. ముందు తలుపు తెరుచుకుంది. రైయా అతని వైపు చూసి, మళ్లీ రోడ్డు వైపు చూసింది.

"ఎక్కడికి?"

"చివరి స్టాపుకి."

"అక్కడ మంచు తప్ప ఏమీ లేదు."

"తెలుసు."

కార్డు పెట్టాడు. మెషీను కుయ్‌మంది. అతను మధ్యలో ఎక్కడో కూర్చున్నాడు. ఒక ముసలావిడ, ఇద్దరు కాలేజీ పిల్లలు, కుక్కతో ఒకాయన ఉన్నారు. ఒక్కొక్కరే దిగిపోయారు. చివరి స్టాపుకు వచ్చేసరికి బస్సులో వాళ్లిద్దరే మిగిలారు. ఇంజను ఆగింది. ఏడు నిమిషాలు. రైయా ఫోన్ తియ్యలేదు, వెనక్కి తిరగనూ లేదు. ఒస్మో లేచి ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"లోపలికి వెళ్లింది. నీ కోడ్ మీదే పెట్టాను. నీ పేరు రాశాను."

"చూశా."

"కింద రాసింది కూడా చూశావా?"

"చూశా. ఆవిడ కొట్టేసింది కదా?"

"ఊఁ."

"నేనయినా కొట్టేసేదాన్నే. కోడ్ మధ్యలో ఆ గోలంతా ఎవడికి కావాలి?" అంది గాని మాటలో పదును లేదు.

"నీ చిరునామా పాతదే ఉంది రైయా. నీకు పంపింది వెనక్కి వచ్చింది. పాతదాని ఎదురుగా కొత్తది రాసుకునే పట్టిక ఒకటుంది కదా, అందులో పెట్టిస్తాను. నీ కోడ్ గురించి ఎవరైనా రాస్తే నీకే చేరాలి."

"దాన్ని మారుస్తావ్ సరే. తెలియదన్న ఆ ఉత్తరం ఉందే, దాన్నీ మార్పిస్తావా?"

ఒస్మో ఆలోచించలేదు. ఆలోచించాల్సినది ఏమీ లేదు. "కుదరదు. లిస్టులోకి వెళ్లింది వెళ్లినట్టే."

"అంటే, 'ఇంతకంటే మంచి కోడ్ చూడలేదు' అన్నది ఉంటుంది, 'నాకు పరిచయం లేదు' అన్నదీ ఉంటుంది. నేను చచ్చిపోయాక కూడా ఎవడో ఒకడు రెండూ చదువుకుంటాడు."

"చదువుకుంటాడు."

"బాగుంది."

బయట మంచు మీంచి గాలి వచ్చి తలుపు రబ్బరుకు కొట్టుకుంది. ఒస్మో కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. అయిదు వాక్యాలు రాయడం తేలికే అనిపించింది ఇప్పుడు.

"తప్పు చేశాను రైయా. ఆవిడ విషయంలో కన్నా నీ విషయంలో."

రైయా స్టీరింగ్ మీద చెయ్యి వేసింది. గడియారం చూసుకుంది. ఏడు నిమిషాలూ అయిపోయాయి. ఇంజను స్టార్ట్ చేసి, తలుపు మూసి, అద్దం సరిచేసుకుంది.

"బండి నడిచేటప్పుడు డ్రైవరుతో మాట్లాడకూడదు. బోర్డు కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"అయితే కూర్చో."

అతను ఆమె వెనక మొదటి సీట్లో కూర్చున్నాడు. వచ్చిన దారినే బస్సు తిరుగు దారి పట్టింది. ఎక్కేవాళ్లు ఎక్కారు, దిగేవాళ్లు దిగారు. అతని ఇంటి స్టాపు వచ్చింది. ఒస్మో బజర్ నొక్కలేదు. రైయా అద్దంలోంచి ఒక్కసారి చూసి, బండి ఆపకుండా పోనిచ్చింది.